మార్కెట్ ఇస్తాం, టెక్నాలజీ ఇవ్వండి: చైనా కార్ల పోటీ వెనక నలభై ఏళ్ల కథ

2023 జూలైలో ఫోక్స్‌వ్యాగన్ ఓ చైనా కంపెనీలో 70 కోట్ల డాలర్లు పెట్టి 5 శాతం దాకా వాటా కొంటున్నానని ప్రకటించింది. ఆ కంపెనీ పేరు ఎక్స్‌పెంగ్. అప్పటికి అది పుట్టి పదేళ్లు కూడా కాలేదు. పెట్టుబడి కంటే షరతే విచిత్రంగా ఉంది. ఎక్స్‌పెంగ్ టెక్నాలజీ తీసుకుని, ఫోక్స్‌వ్యాగన్ పేరుతో రెండు ఎలక్ట్రిక్ కార్లు తయారు చేసి చైనాలో అమ్ముతారట. చైనాకు కారు తయారీ నేర్పిస్తామని 1984లో షాంఘై ఫ్యాక్టరీ కోసం ఒప్పందం చేసుకున్నది ఈ జర్మన్ కంపెనీయే!

1980ల మొదట్లో చైనాలో కారంటే అధికారుల వాహనం. మామూలు మనిషికి సైకిలే. పెద్దఎత్తున మంచి కార్లు తయారు చేసే పరిజ్ఞానం అక్కడి ఫ్యాక్టరీలకు లేదు. బీజింగ్‌లో అమెరికన్ మోటార్స్‌తో కలిసి జీప్ తయారీకి 1983లో ఒప్పందం కుదిరింది. ఆ వెంటనే షాంఘైకి ఫోక్స్‌వ్యాగన్ శాంటానా వచ్చింది. మొదట్లో ఆ కారులో స్థానికంగా తయారైనవి టైర్లు, రేడియో, యాంటెనా లాంటివే. మిగతా సరంజామా అంతా విదేశం నుంచి పెట్టెల్లో వచ్చేది, షాంఘైలో బిగించేవారు. ఆ శాంటానాయే షాంఘై ట్యాక్సీగా స్థిరపడి 2012 దాకా అమ్ముడైంది.

ప్రభుత్వం లెక్క సూటిగా ఉంది. మార్కెట్ ఇస్తాం, టెక్నాలజీ ఇవ్వండి. 1994 విధానంతో విదేశీ కంపెనీ వాటా 50 శాతం దాటకూడదన్న నియమం గట్టిపడింది. అంటే చైనా భాగస్వామి లేకుండా ఫ్యాక్టరీ లేదు. వచ్చినవాళ్లందరూ బాగుపడలేదు. 1985లో గ్వాంగ్‌జౌ వెళ్లిన ప్యూజో 1997లో చేతులెత్తేస్తే, ఆ చోటును హోండా అందుకుంది. 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక మాత్రం డబ్బు వరదలా వచ్చింది. 2009లో 1.36 కోట్ల వాహనాల అమ్మకాలతో చైనా అమెరికాను దాటి ప్రపంచంలో అతిపెద్ద మార్కెట్ అయింది. 2017లో జనరల్ మోటార్స్ ఒక్క చైనాలోనే దాదాపు 40 లక్షల వాహనాలు అమ్మింది.

మరి టెక్నాలజీ? అది అనుకున్నవాళ్లకు అబ్బలేదు. ప్రభుత్వ రంగ భాగస్వాములకు కూర్చున్న చోటికే సగం లాభం వస్తుంటే, సొంత ఇంజిన్ కోసం తల బద్దలు కొట్టుకునేదెవరు? ఇలాంటి ఉమ్మడి కంపెనీలు (జాయింట్ వెంచర్లు) నల్లమందు లాంటివని మాజీ మంత్రి హె గువాంగ్‌యువాన్ 2012లో బాహాటంగానే అన్నారు. నల్లమందు యుద్ధాలు చూసిన దేశంలో అది చిన్న మాట కాదు.

నేర్చుకున్నవాళ్లు బడి బయట నిలబడ్డ ఏకలవ్యులు. ఫ్రిజ్ విడిభాగాలు, తర్వాత మోటార్‌సైకిళ్లు చేసిన లీ షుఫు గీలీ పేరుతో కార్లలోకి దిగారు. అధికారికంగా అనుమతి 2001లోగానీ దొరకలేదు. తొమ్మిదేళ్లకే ఆయన ఫోర్డ్ చేతి నుంచి వోల్వోను కొన్నారు. షెన్‌జెన్‌లో 1995 నుంచి ఫోన్ బ్యాటరీలు చేస్తున్న వాంగ్ చువాన్‌ఫు 2003లో ఓ చిన్న కార్ల కంపెనీ కొంటే, మదుపర్లు బెదిరిపోయి ఆయన కంపెనీ బీవైడీ షేర్లు అమ్మేసుకున్నారు. ఈ గుంపులో కాపీ గోల కూడా ఉంది. చైనా కంపెనీ చెరీ తెచ్చిన క్యూక్యూ కారు తమ చిన్న కారుకు నకలని జనరల్ మోటార్స్ వర్గం కోర్టుకెక్కింది. ఆ రోజుల్లో వీటిని చూసి నవ్విన విదేశీ కంపెనీలను తప్పుపట్టలేం. ఆ నవ్వు ఆపడంలో ఆలస్యం చేయడమే వాళ్ల తప్పు.

అసలు మలుపు ఇంజిన్‌ను వదిలేయడంలో ఉంది. జర్మనీలో ఆడీలో పనిచేసి వచ్చిన వాన్ గాంగ్ అనే ఇంజనీరు, పెట్రోల్ ఇంజిన్‌లో వందేళ్ల అనుభవం ఉన్నవాళ్లను వెంటాడే కంటే బ్యాటరీ కారు వైపు దూకుదామని వాదించారు. 2007లో ఆయనే సైన్స్ మంత్రి అయ్యారు. 2009 నుంచి సబ్సిడీలు మొదలయ్యాయి. సబ్సిడీ కంటే నంబర్ ప్లేటు గట్టిగా పనిచేసిందని నాకనిపిస్తుంది. షాంఘైలో పెట్రోల్ కారు ప్లేటును వేలంలో కొనాలి. దాని ధర ఒక్కోసారి చిన్న కారు ధరను మించేది. బీజింగ్‌లో అయితే లాటరీ తగలాలి. ఎలక్ట్రిక్ కారుకు షాంఘైలో ప్లేటు ఉచితంగా ఇచ్చేవారు.

బ్యాటరీల్లో ఆట ఇంకా ముదురు. 2015 తర్వాత కొన్నేళ్లు, ప్రభుత్వ జాబితాలోని బ్యాటరీ వాడితేనే సబ్సిడీ అనేవారు. కొరియా కంపెనీలకు ఆ జాబితాలో చోటు దక్కలేదు. 2011లో నింగ్‌డే అనే ఊళ్లో పుట్టిన సీఏటీఎల్ ఆ నీడలోనే ప్రపంచంలో అతిపెద్ద బ్యాటరీ కంపెనీగా ఎదిగింది. హైదరాబాద్‌కు చెందిన ఒలెక్ట్రా ఎలక్ట్రిక్ బస్సుల్లోనూ చైనా టెక్నాలజీయే ఉంది, అది బీవైడీది.

తర్వాత టెస్లాకు తలుపు తీశారు. భాగస్వామి అక్కర్లేకుండా షాంఘైలో 2019 జనవరిలో శంకుస్థాపన చేస్తే, ఆ డిసెంబరు ఆఖరుకే కార్లు బయటికొచ్చాయి. చెరువులో వాలుగను వదిలితే మిగతా చేపలు చురుగ్గా ఈదుతాయన్నది అక్కడివాళ్లు చెప్పుకున్న పోలిక. నిజంగానే ఈదాయి. నియో, లీ ఆటో, ఎక్స్‌పెంగ్ లాంటి చైనా కొత్త కంపెనీలు తట్టుకుని నిలిచాయి. 2024లో ఫోన్ల కంపెనీ షావోమీ కూడా కారు తెచ్చింది.

పాత దిగ్గజాలు మాత్రం కోవిడ్ ఆంక్షల కాలంలో చైనాను దూరం నుంచే చూశాయి. 2023లో షాంఘై ఆటో షోకి వచ్చి చూసేసరికి కారంటే తెర, సాఫ్ట్‌వేర్, బ్యాటరీ అయిపోయాయి. ఆ ఏడే అమ్మకాల్లో బీవైడీ ఫోక్స్‌వ్యాగన్ బ్రాండును దాటింది, మిత్సుబిషి చైనాలో తయారీ మానేసింది. 2020లో 40 శాతంలోపు ఉన్న చైనా బ్రాండ్ల వాటా 2024లో 65 శాతానికి చేరింది. చైనా వ్యాపారం దెబ్బతినడంతో జనరల్ మోటార్స్ 2024 డిసెంబరులో 500 కోట్ల డాలర్లకు పైగా నష్టం రాసుకుంది.

గెలిచినవాళ్లకైనా నిద్ర ఉందా అంటే, లేదు. 2023 మొదట్లో టెస్లా ధర తగ్గించగానే మొదలైన ధరల యుద్ధంలో వెయ్‌మా లాంటి కొత్త కంపెనీలు దివాలా తీశాయి. ఇంట్లో లాభం కరిగేకొద్దీ కార్లు ఓడలెక్కాయి. 2023లో ఎగుమతుల్లో చైనా జపాన్‌ను దాటింది, మరుసటి ఏడాది యూరప్ అదనపు సుంకాలు వేసింది. ధరలు తగ్గించిన భారంలో చాలాభాగం విడిభాగాలు చేసేవాళ్ల మీద పడింది. వాళ్ల బిల్లులు నెలల తరబడి పెండింగ్‌లో ఉండేవి. ప్రభుత్వం కన్నెర్రజేశాక, సప్లయర్లకు 60 రోజుల్లోపు డబ్బు చెల్లిస్తామని బీవైడీ సహా పెద్ద కంపెనీలు 2025 జూన్‌లో మాట ఇచ్చాయి.