వేళ తెలియని చుట్టాలకు వంట

తిరుపతి

చిరంజీవులైన పిల్లలకు అవ్వ ఆశీస్సులు.

మీరిప్పుడు ఎవరికి వాళ్లు సొంతంగా ఇళ్లు పెట్టుకున్నారు. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలు రాక మానరు. దర్శనానికి వస్తారు, కొండ దిగి మనింటికి వస్తారు. ఎన్నిగంటలకు దిగుతారో వాళ్లకే తెలియదు. సర్వదర్శనం లైన్లో నిలబడినవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తామని చెప్పి రాత్రి తొమ్మిదికి తలుపు తట్టొచ్చు. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కినవాళ్లయితే కాళ్లు పీకుతూ, నకనకలాడే ఆకలితో వస్తారు. వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోంచేసి దిగినవాళ్లు రెండు ముద్దలు చాలంటారు. కాబట్టి మన ఊళ్లో చుట్టాలకు ఏం వండాలన్నదానికి నేను చెప్పేది ఒకటే: ముందురోజో, పొద్దున్నో పనంతా అయిపోయి, వాళ్లు ఆలస్యమైనా రుచి చెడనిదే వండండి. పూరీలు, వేపుళ్లు, బజ్జీలు వద్దు. అవి చేస్తే చుట్టాలు హాల్లో, మీరు పొయ్యి ముందర.

వండేముందు ఫోన్ చేసి అడగండి. కొండకు వచ్చినవాళ్లు చాలామంది ఆ రెండు రోజులూ నీసు ముట్టరు, కొందరు ఎర్రగడ్డ (ఉల్లి), తెల్లగడ్డ (వెల్లుల్లి) కూడా తినరు. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబర్ నడిమి నుంచి అక్టోబర్ నడిమి దాకా, మన పక్క చాలా ఇళ్లల్లో నెలంతా కోడి, మాంసం వండరు. ఆ నెలలో అడగకుండా కోడి తెచ్చిపెట్టుకోకండి.

మొదట పులిహోర. దీనికి ఎర్రగడ్డ, తెల్లగడ్డ అక్కర్లేదు, ఎవరికైనా పెట్టొచ్చు. ఆరుగురికి ముప్పావు కిలో సోనామసూరి బియ్యం, పాతవైతే మేలు. చింతపండు 100 గ్రాములు, నువ్వుల నూనె 150 మిల్లీలీటర్లు, ఎండుమిరపకాయలు పన్నెండు, పచ్చిమిరపకాయలు ఎనిమిది, ఉప్పు 25 గ్రాములు (పెద్ద చెంచాతో ఒకటిన్నర), పసుపు ఒక చిన్న చెంచా, బెల్లం ఉసిరికాయలో సగమంత.

గొజ్జు ముందురోజే చేసి పెట్టుకోండి. చింతపండును గింజ, ఈనె తీసి, గ్లాసున్నర వేడినీళ్లలో అరగంట నానబెట్టి చిక్కగా పిండండి. కొత్త చింతపండుతో గొజ్జు ఎర్రగా వస్తుంది, పాతదానితో నల్లబడుతుంది. రుచికేం కాదు గానీ చుట్టాలకు పెట్టేటప్పుడు రంగు కూడా చూసుకోవాలి కదా. నూనెలో సగం కాగబెట్టి ఆవాలు, ఎండుమిర్చి, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ వేసి, ఆవాలు చిటపటలాడాక పులుసు పొయ్యండి. పసుపు, ఉప్పు, బెల్లం అప్పుడే వేసెయ్యాలి. ఉప్పు ఉడుకుతున్న పులుసులో కరిగితేనే మెతుకు మెతుక్కీ సమంగా పడుతుంది. తర్వాత పొడి అన్నం మీద చల్లితే ఒక ముద్ద చప్పగా, ఒక ముద్ద ఉప్పగా ఉంటుంది.

ఇక్కడ తొందరపడొద్దు. సన్నని సెగ మీద ఇరవై నిమిషాలైనా ఉడకాలి. మొదట్లో పల్చని బుడగలు పైకొచ్చి పగులుతుంటాయి. తర్వాత బుడగలు బరువెక్కి, గొజ్జు ఎగిరి చేతి మీద పడుతుంటుంది, మూత వారగా పెట్టుకోండి. చివరికి గిన్నె అంచు చుట్టూ నూనె తేలి నిలబడుతుంది. ఒక చుక్క ప్లేట్లో వేసి వంచి చూడండి. దాని చుట్టూ నీళ్లు ఊరి జారితే ఇంకా కాలేదు. ఆ నీళ్లు మిగిలితే అన్నం ముద్దవుతుంది, గొజ్జు కూడా బూజు పడుతుంది. సరిగ్గా ఉడికిన గొజ్జు తడి లేని గాజు సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు వారాలు నిలుస్తుంది. తడి గరిటె మాత్రం పెట్టకండి. నువ్వులు పెద్ద చెంచాడు, మెంతులు చిన్న చెంచాలో సగం, మిరియాలు పది విడిగా వేయించి పొడి కొట్టి పక్కన పెట్టుకోండి. మెంతులు ఎర్రబడగానే దించాలి, నల్లబడ్డాయంటే పులిహోరంతా చేదెక్కుతుంది.

అన్నం వండేటప్పుడు గ్లాసు బియ్యానికి గ్లాసుంముప్పావు నీళ్లే. ఉడికిన వెంటనే వెడల్పు తాంబాళంలో పరిచి, రెండు చెంచాల నూనె చల్లి ఆరనివ్వండి. వేడి అన్నంలో గొజ్జు కలిపితే మెతుకు విరిగి జావవుతుంది. ఎక్కువ చెడేది ఇక్కడే. చెయ్యి పెట్టగలిగినంత వెచ్చదనానికి వచ్చాక గొజ్జులో ముప్పావు వంతు వేసి, పొడి చల్లి, మెతుకు నలగకుండా కింద నుంచి పైకి తిప్పుతూ కలపండి. మిగతా గొజ్జు రుచి చూసుకుని వేసుకోవచ్చు. పచ్చి శనగపప్పు మూడు చెంచాలు, మినప్పప్పు రెండు, చెనిక్కాయల (వేరుశనగ) గింజలు పెద్ద గుప్పెడు మిగిలిన నూనెలో ఎర్రగా వేయించి ఆఖర్న కలపండి. ముందే గొజ్జులో వేసి ఉడికిస్తే చెనిక్కాయలు మెత్తబడతాయి. కలిపాక గంటసేపు మూత పెట్టి వదిలితే పులుపు మెతుక్కి పడుతుంది. పులుపు తగ్గితే నిమ్మరసంలో చిటికెడు ఉప్పు కరిగించి చల్లండి. ఎక్కువైతే ఇంకో గ్లాసు అన్నం కలపడమే మార్గం. బెల్లంతో సర్దబోతే తియ్యపులిహోర అవుతుంది.

పక్కన అప్పడాలు, ఊరమిరపకాయలు చాలు. పెరుగన్నం కూడా పెట్టాలి. అన్నం మెత్తగా వండి, గోరువెచ్చని పాలు ఎక్కువ పోసి, పెరుగు మూడు చెంచాలే వేసి తోడెయ్యండి. వాళ్లు నాలుగు గంటలు ఆలస్యమైనా పులవదు.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనపకాయల కాలం. ఆ రోజుల్లో బయటి ఊళ్ల నుంచి చుట్టాలొస్తే పితికిపప్పు, అంటే నానిన అనపగింజల తొక్క పితికి తీసి చేసే పులుసు, చెయ్యకుండా పంపకండి, ఇంత రుచి వాళ్లకు వాళ్ల ఊళ్లో దొరకదు. ఒలిచిన గింజలు అరకిలో కావాలి. రాత్రి నీళ్లలో పోసి, పొద్దున నీళ్లు పారబోసి మళ్లీ కడగండి. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, తెల్లచార ఉన్న కొస నుంచి నొక్కితే రెండో కొసన తొక్క చిట్లి పచ్చటి పప్పు జారిపడుతుంది. జారకపోతే ఇంకా నానలేదని అర్థం. గంటసేపు వేడినీళ్లలో వేసి మళ్లీ చూడండి. బలవంతంగా నొక్కితే పప్పు చితుకుతుంది. నలుగురు కూర్చుంటే ముప్పావు గంట పని, అదీ ముందురోజు సాయంత్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

మసాలాకు టెంకాయ అర చిప్ప, ధనియాలు రెండు చెంచాలు, ఎండుమిర్చి ఎనిమిది, గసగసాలు ఒక చెంచా, అల్లం వేలెడు, తెల్లగడ్డ రెబ్బలు ఎనిమిది, లవంగాలు మూడు, చిన్న చెక్క ముక్క. వేయించవలసినవి వేయించి మెత్తగా రుబ్బండి. నాలుగు చెంచాల నూనెలో తిరగవాత వేసి, ఎర్రగడ్డలు రెండు, టమాటాలు రెండు మగ్గించి, మసాలా వేసి పచ్చివాసన పోయేదాకా తిప్పి, మూడు గ్లాసుల వేడినీళ్లు పొయ్యండి. మరిగాక పప్పు, ఉప్పు. గిన్నెలోనే పన్నెండు, పదిహేను నిమిషాల్లో ఉడుకుతుంది. కుక్కర్లో పెట్టకండి, ఒక్క కూతకే గుజ్జయిపోతుంది. వేలితో నొక్కితే మెదగాలి, గరిటెతో తిప్పితే మాత్రం విరగకూడదు. చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కాబట్టి కాస్త పల్చగా దించి, వడ్డించే ముందు వేడినీళ్లతో సరిచేసుకోండి.

నీసు తినేవాళ్లయితే నాటుకోడి పులుసు, రాగిసంగటి. పులుసు పొద్దున చేసి సాయంత్రం వేడిచేస్తేనే ముక్కకు కారం పడుతుంది. ఆరుగురికి కిలోంబావు. ముక్కలకు పసుపు, ఉప్పు, రెండు చెంచాల అల్లం తెల్లగడ్డ ముద్ద పట్టించి అరగంట ఉంచండి. ఎర్రగడ్డలు పావుకిలో సన్నగా తరిగి ఎర్రగా వేయించి, ముక్కలు వేసి నీరు ఇంకేదాకా వేపండి. కారప్పొడి రెండు చెంచాలు, ధనియాలపొడి రెండు, టమాటాలు రెండు, వేడినీళ్లు నాలుగు గ్లాసులు. లేతదైతే కుక్కర్లో నాలుగు కూతలు, ముదురుదైతే ఏడెనిమిది. టెంకాయ, గసగసాల ముద్ద మాత్రం ముక్క ఉడికాకే వెయ్యండి. ముందే వేస్తే అడుగంటుతుంది, పులుసంతా మాడువాసనేస్తుంది. వేశాక సన్నని సెగ మీద పది నిమిషాలు మరిగితే పైన నూనె తేలుతుంది.

సంగటి ఒక్కటే వాళ్లు వచ్చాక చెయ్యాల్సింది, దానికి పట్టేది అరగంట. గ్లాసు బియ్యం ముందే నానబెట్టుకుని ఆరు గ్లాసుల నీళ్లలో ఉప్పేసి మెత్తగా ఉడికించండి. మెతుకు చితికినా పైన నీళ్లు కనపడుతూ ఉండాలి. సెగ తగ్గించి రెండు గ్లాసుల రాగిపిండి మధ్యలో కుప్పగా పొయ్యండి. కలపొద్దు. గరిటె కాడతో కుప్పలో రెండు మూడు బొక్కలు పొడిచి, మూత పెట్టి పది నిమిషాలు వదలండి. ఆ బొక్కల్లోంచి నీళ్లు పైకి పొంగి పిండి లోపలి దాకా ఉడుకుతుంది. పొయ్యగానే కలిపితే బయట ఉడికి లోపల పచ్చిపిండితో ఉండలు కడతాయి, ఆ తర్వాత ఎంత గెలికినా విడిపోవు. పది నిమిషాలయ్యాక గిన్నె దించి కదలకుండా పట్టుకుని సంగటికట్టెతో గట్టిగా గెలకండి. తడిచేత్తో తాకి చూడండి, అంటకపోతే ఉడికినట్టే. అంటితే రెండు చెంచాల వేడినీళ్లు చల్లి ఇంకో ఐదు నిమిషాలు సెగ మీద పెట్టండి. చేతికి నెయ్యి రాసుకుని ముద్దలు చేసి, హాట్‌బాక్సులో తడిగుడ్డ కప్పి పెడితే గంటసేపు గట్టిపడవు.

అదే సంగటి, నీసు తిననివాళ్లకు పితికిపప్పుతో పెట్టొచ్చు, అనపకాయలు లేని కాలంలో ఊరిబిండితో, అంటే చెనిక్కాయల పచ్చడితో. వేయించి పొట్టు తీసిన చెనిక్కాయలు రెండు గుప్పెళ్లు, ఎండుమిర్చి పది, చింతపండు ఉసిరికాయంత, తెల్లగడ్డ ఆరు రెబ్బలు, ఉప్పు, చివర్న పచ్చి ఎర్రగడ్డ వేసి బరకగా దంచండి. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి, మెత్తగా తిప్పితే నూనె వదిలి జిడ్డవుతుంది.

మిగిలినవాటి సంగతి. టెంకాయ వేసిన పులుసులు మన ఎండలకు త్వరగా చెడతాయి. భోజనాలైన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా మరిగించాకే తినండి. సంగటి ముద్దలు మిగిలితే మట్టిసట్టిలో నీళ్లుపోసి రాత్రంతా ఉంచండి. పొద్దున పిసికి, మజ్జిగ, ఉప్పు, తరిగిన ఎర్రగడ్డ కలిపితే అంబలి తయారు. బస్సెక్కబోయే చుట్టాలకు తలా ఒక గ్లాసు ఇవ్వొచ్చు.

ఇట్లు,
మీ అవ్వ