సీల్డ్ కవర్లో వీడియో: అపోహలు - వాస్తవాలు

అపోహ: వీడియోకు సీలు వేశారంటే ఎవరినో కాపాడుతున్నట్టే.

పెద్దవాళ్ల కేసైతే టీవీ చర్చల్లో ముందు వినిపించే మాట ఇదే. 2017లో కొచ్చిలో నడుస్తున్న కారులో ఒక నటిపై దాడి జరిగింది. ఆ దృశ్యాలున్న మెమరీ కార్డు కాపీ కావాలని అప్పట్లో ముద్దాయిల్లో ఒకరైన నటుడు దిలీప్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2019 నవంబరులో తీర్పొచ్చింది. కార్డులోని దృశ్యాలు పత్రం కిందికే వస్తాయి, మామూలుగా అయితే కాపీ ఇవ్వాల్సిందే. కానీ బాధితురాలి గోప్యత ఉంది కనుక ఇవ్వరు. లాయరునీ నిపుణుడినీ వెంటబెట్టుకొని చూసుకోవచ్చు. సీలు లోకానికి, ముద్దాయికి కాదు.

అపోహ: లక్క సీలు చెక్కుచెదరకపోతే లోపలిది భద్రం.

అదే కేసులో కోర్టు కస్టడీలో ఉన్న కార్డు హ్యాష్ విలువ మారింది. ఎవరు తెరిచారో తేల్చమని 2023 డిసెంబరులో కేరళ హైకోర్టు విచారణకు ఆదేశించింది. హ్యాష్ అంటే డిజిటల్ వేలిముద్ర, లోపలి డేటా నుంచి లెక్కగట్టే కోడ్. అది మారినంత మాత్రాన వీడియో మార్చారని కాదు, జాగ్రత్త లేకుండా కంప్యూటర్లో పెట్టినా కార్డు హ్యాష్ మారిపోవచ్చు. ఎవరో ముట్టుకున్నారని మాత్రం తెలుస్తుంది.

లాయరుగా నేను వాదించిన కేసొకటి చెప్తాను. ఖాకీ కాగితంలో చుట్టిన డీవీఆర్ (సీసీ కెమెరాల రికార్డు దాచే పెట్టె), నాలుగు వైపులా లక్క, పంచుల (స్వాధీనానికి సాక్షుల) సంతకాలు. పంచనామాలో సీరియల్ నంబరు కూడా రాశారు. హ్యాష్ లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే "అది ల్యాబ్‌లో తీస్తారండీ" అన్నాడు దర్యాప్తు అధికారి. ల్యాబ్‌కు చేరేలోపు ఆ పార్శిల్ పదకొండు రోజులు స్టేషన్ బీరువాలో ఉంది. ల్యాబ్ హ్యాష్ పన్నెండో రోజు సంగతే చెబుతుంది!

అపోహ: ఊరంతా చూసిన వీడియోకి ఇంకా రుజువెందుకు?

వాట్సాప్‌లో తిరిగేది కాపీకి కాపీ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం కాపీతో పాటు సర్టిఫికెట్ ఉండాలి. ఒక భాగం పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు నింపాలి. హ్యాష్ అందులో రాయాల్సిందే. అసలు ఫోనునే కోర్టుకు తెచ్చి యజమాని సాక్ష్యమిస్తే అది వేరే సంగతి.

అపోహ: సీసీ ఫుటేజీ ఎప్పుడడిగినా దొరుకుతుంది.

హార్డ్‌డిస్క్ నిండితే పాతదాని మీదే కొత్తది ఎక్కుతుంది. పోలీస్ స్టేషన్ కెమెరాల రికార్డు 18 నెలలు, అది వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వీధి చివర కిరాణా కొట్టుకు ఆ ఆదేశం వర్తించదుగా. అందుకే బెయిలు పిటిషన్ కన్నా ముందు ఫుటేజీ భద్రపరచమనే పిటిషన్ వేస్తాను.