గుర్రం కాలికి కట్టు కట్టే పద్ధతి

కావలి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాత ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు, ముళ్లతీగ కోసుకున్న మన గుర్రం కాలికి అంత దూది ఎందుకు చుట్టావని అడిగారు. చీకటి పడుతుండడంతో అప్పుడు వివరంగా చెప్పలేకపోయాను.

గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, దాని వెంట దిగే నరాలు (కండను ఎముకకు కట్టే తాళ్లలాంటి స్నాయువులు), పైన పలుచటి తోలు, అంతే. అందువల్ల అక్కడి గాయం మెడ మీద తగిలిన గాయం కంటే ఆలస్యంగా మానుతుంది. ఒక్కోసారి తోలు అంచులు కలవకముందే దుర్మాంసం ఎర్రగా పొంగి అడ్డుపడుతుంది.

ముందు గాయాన్ని కడగాలి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర చిన్న చెంచాలు కలిపి, మట్టి పోయేదాకా ధారగా పోయాలి. సున్నం, కిరసనాయిలు పూసే పాత అలవాటు వద్దు. అవి పచ్చి మాంసాన్ని కాలుస్తాయి.

గాయం మీద అంటుకోని మెత్తటి గుడ్డ, దానిపైన గాజుగుడ్డ, ఆపైన అంగుళం మందాన దూది, చివరగా సాగే బ్యాండేజీ వేయాలి. ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పాలి, బిగువు అంతటా ఒకేలా ఉండాలి, దూది పైనా కిందా అరంగుళం బయటికి కనిపించాలి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. పదిహేనేళ్ల వయసులో మా నాయన జట్కా గుర్రానికి, రక్తం ఆగితే చాలుననుకుని, దూది లేకుండా పాత పంచె చింపి బిగించి కట్టాను. తెల్లవారి విప్పితే గుడ్డ అంచు కాలిలో గాడిలా దిగి ఉంది, కాలి వెనక నరం వేడెక్కి వాచింది. గాయం మానింది గానీ ఆ నరం వాపు తగ్గలేదు, ఆ గుర్రాన్ని మళ్లీ బండికి పూన్చలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కట్టేటప్పుడు మోకాళ్ల మీద కూర్చోకండి, గొంతుకూర్చోండి. అది కాలు విదిలిస్తే వెంటనే లేవగలగాలి. బరువంతా మోసే రెండో కాలికి కూడా దూది వేసి కట్టాలి.

కీలు దగ్గర గాయమై జిగురులాంటి పసుపుపచ్చ నీరు కారితే, అదే రోజు పశువైద్యుడిని పిలవాలి. గుర్రాలకు ధనుర్వాతం తేలిగ్గా సోకుతుంది కనుక, గాయం చిన్నదైనా సూది సంగతి ఆయన్ను అడగాలి. కట్టు రోజు విడిచి రోజు మార్చాలి. మనకు కార్తీకంలో ముసురు పట్టే రోజుల్లో కట్టు తడిస్తే ఆ పూటే మార్చాలి.

ఈ పొద్దున విప్పి చూశాను. అంచు వెంట లేత గులాబీ రంగు తోలు దారమంత సన్నగా వస్తోంది.

ఇట్లు,
మీ తాత