బిల్లుల పూత

"అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసాల రద్దుకు బిల్లు పెట్టారటరా, మావాడు వెనక్కి వచ్చేయాల్సిందేనా?" అని నూజివీడు నుంచి పిన్ని ఫోన్. టీవీలో ఎర్రక్షరాల స్క్రోలింగ్ చూసిన టెన్షన్. పిన్నికి మామిడి తోట ఉంది కాబట్టి నా పని తేలికైంది. "ఈ ఏడు ఎంత పూత వచ్చింది, ఎన్ని కాయలు దింపారు?" అని అడిగాను.

ఒక్కో పూగుత్తికి వందల నుంచి వేల పూలు. కోత దాకా నిలిచేది ఒకటో రెండో, అవీ కొన్ని గుత్తులకే. అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్‌లోనూ అంతే. ఒక్కో రెండేళ్ల కాలంలో పది వేలకు పైగా బిల్లులు పెడతారు, చట్టాలయ్యేవి కొన్ని వందలు. కమిటీ, ఒక సభ, రెండో సభ, రెండు సభలూ బిల్లును ఒకే పాఠంతో, అంటే అవే మాటలతో ఒప్పుకోవడం, అధ్యక్షుడి సంతకం: ఐదు గడపలు. ఒక్కో గడప దాటడానికి సగం అవకాశం ఉందనుకున్నా, సగాన్ని ఐదుసార్లు హెచ్చవేస్తే 32లో 1. అంటే సుమారు 3 శాతం! నిజానికి గడపలన్నీ ఒకే ఎత్తు కావు. ఎక్కువ బిల్లులు కమిటీలోనే రాలిపోతాయి.

పిందె రాలితే దిష్టి తగిలిందని తోటలో పాత చెప్పు కడతారు. అసలు సంగతి తొడిమలో ఉంది. పిందెలోని లేత గింజ ఆక్సిన్ అనే హార్మోన్‌ను కొమ్మ వైపు పంపుతుంటుంది. అది పారినంతకాలం తొడిమ పట్టు వదలదు. గింజ చచ్చి ఆక్సిన్ తగ్గిందా, తొడిమ కణాలు ఎథిలీన్ అనే మరో హార్మోన్‌కు లొంగిపోతాయి. కణాల మధ్య గోడల్ని కరిగించే ఎంజైములు పుడతాయి, చిన్న గాలి చాలు. బిల్లుకు ఆ ఆక్సిన్ కమిటీ అధ్యక్షుడి ఆసక్తి, పార్టీ పెద్దల అండ.

ఇంకో తమాషా. మామిడి గుత్తిలో మగపూలూ ఉంటాయి. వాటికి అండాశయమే లేదు, కాయ అయ్యే ప్రశ్నే లేదు. బడిలో మాకు పువ్వు కాయ అవుతుందనే బొమ్మ గీయించారు గానీ ఈ ముక్క చెప్పలేదు. "దేశాన్ని కాపాడే బిల్లు", "దేశాన్ని ముంచే బిల్లు" అని అరుపులు వినిపించే వాటిలో చాలా భాగం ఇలాంటివే. నెగ్గదని పెట్టినవాళ్లకీ తెలుసు, తిట్టేవాళ్లకీ తెలుసు. అమలు చేసి చూపించే బాధ లేదు కాబట్టి మాటకు పగ్గం ఉండదు. ఈగల కోసం పూత వాసన, కెమెరాల కోసం ఈ కేకలు.

ఆశపెట్టిన బిల్లులకూ ఇదే గతి. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితిని ఉద్యోగుల కోటాలో ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబరులో రెండో సభ సెనేట్ తన పాఠాన్ని ఆమోదించింది. రెండు పాఠాలూ ఒకటి కాలేదు. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ రెండేళ్ల కాలం ముగిసింది, బిల్లూ దాంతోపాటే పోయింది. కండపట్టాక రాలిన కాయ!

"అయితే భయం లేదంటావా?" అంది పిన్ని. అలాగని కాదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద పడిన లక్ష డాలర్ల రుసుముకు బిల్లే లేదు. అధ్యక్షుడు ఒక ప్రకటన మీద సంతకం పెట్టారు, అంతే.