రెండు వేల మందిని వెతికితే 39 మంది

1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెనిసిలిన్ ఎక్కించారు. సల్ఫా మందు పనిచేయని ఆ రోగి కొద్ది రోజుల్లోనే తేరుకున్నాడు. మందు చాలక, అతని మూత్రంలోంచి పెనిసిలిన్‌ను తిరిగి తీసి మళ్లీ ఎక్కించారు. అదీ అయిపోయింది; మార్చిలో చనిపోయాడు. మందు పనిచేస్తుందా అన్న సందేహం మాత్రం ఎవరికీ మిగల్లేదు.

నేటి మందులకు అంత సులువుగా రుజువు దొరకదు. పాత మందుతో పోల్చి చూపాలి. రక్తంలో బ్యాక్టీరియా చేరిన రోగి విషయంలో అది మహా కష్టం. బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిములను పెంచి చూసే పరీక్షలో, ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. వైద్యుడు అంతవరకు ఆగలేడు, ఏదో ఒక మందు మొదలుపెట్టేస్తాడు. ఆ తర్వాత ఏ మందు వల్ల బాగైందో విడదీసి చెప్పడం ఎలా? పరీక్షకు ఒప్పుకుంటూ సంతకం పెట్టే స్థితిలో రోగి ఉండడు. అందుకే కంపెనీలు ముందు తేలిక దారి పడతాయి. డాప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు అమెరికాలో 2003లో చర్మ ఇన్ఫెక్షన్లకు అనుమతి వచ్చింది. స్టాఫ్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్‌కు 2006 దాకా ఆగవలసి వచ్చింది.

కష్టమైన దారి పట్టిన కంపెనీ ఒకటుంది. కాలిఫోర్నియాలోని అకావోజెన్, కార్బపెనెమ్‌లనే బలమైన యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిముల మీదికి ప్లాజోమైసిన్‌ను తెచ్చింది. రక్త ఇన్ఫెక్షన్, ఆసుపత్రి న్యుమోనియా రోగుల కోసం రెండు వేల మందికి పైగా పరిశీలిస్తే, పోలికకు దొరికింది 39 మంది; వారిలో అలాంటి క్రిమి ఉన్నట్టు తేలిన 37 మందినే లెక్కలోకి తీసుకున్నారు. మరణం గానీ తీవ్ర సమస్య గానీ ఎదురైనవారు కొత్త మందు తీసుకున్న 17 మందిలో నలుగురు, పాత మందు కొలిస్టిన్ తీసుకున్న 20 మందిలో పదిమంది. తేడా పెద్దదే, లెక్కే చిన్నది. 2018 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ సలహా సంఘం రక్త ఇన్ఫెక్షన్ అనుమతిని 11–4తో కాదంది. చివరికి మూత్రనాళ ఇన్ఫెక్షన్లకే అనుమతి దక్కింది. నా దృష్టిలో కంపెనీని, సంఘాన్ని ఇద్దరినీ తప్పుపట్టలేం: 37 మంది లెక్కతో మందును నమ్మమనడం కష్టం, మరో నలభై మందిని వెతకమనడం అంతకన్నా కష్టం.

2019 ఏప్రిల్‌లో అకావోజెన్ దివాలా తీసింది. ఆ మందు హక్కులను, చైనా ప్రాంతం మినహా, మన సిప్లా అమెరికా విభాగం కొనుక్కుంది. ఇందులో ఒక చిక్కుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే ఎన్‌డీఎం రకం (కార్బపెనెమ్‌లను విరగ్గొట్టే ఎంజైమ్ ఉన్న) క్రిముల్లో చాలావాటికి, ప్లాజోమైసిన్‌ను కూడా పనిచేయనివ్వని మరో జన్యువు తోడుగా ఉంటుంది.