కిటికీలో కూలర్, గదిలో వైరస్

ఏప్రిల్ వచ్చిందంటే మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా, సిరోంచా ఊళ్లలో తెలుగువాళ్ల ఇల్లైనా, మరాఠీవాళ్ల ఇల్లైనా కిటికీ బయట ఇనుప స్టాండు మీదికి కూలర్ ఎక్కుతుంది. ఎండ 46 డిగ్రీలు దాటే చోట అది లేకపోతే నిద్ర పట్టదు. కాస్త స్తోమత వచ్చినవాళ్లు ఇప్పుడు కూలర్ తీసేసి ఏసీ పెట్టించుకుంటున్నారు. చల్లదనం సంగతి అలా ఉంచండి. సర్ది, ఫ్లూ, కోవిడ్ లాంటివి ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పాకే విషయంలో ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

మనం ఊపిరి వదిలినా, మాట్లాడినా, దగ్గినా తడి తుంపరలు బయటికొస్తాయి. 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తుంపర కొన్ని సెకన్లలో నేల మీద పడిపోతుంది. 5 మైక్రాన్లది మనిషి నోటి ఎత్తు నుంచి కదలని గాలిలో కిందికి దిగడానికి అరగంట పడుతుంది. 1 మైక్రాన్‌దైతే దాదాపు 12 గంటలు. తట్టు వచ్చిన పిల్లాడు గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలి ఇంకొకరికి జబ్బు అంటించగలదు.

ఇది కొత్తగా తెలిసిన విషయం కాదు. తుంపర నేలకు చేరేలోపే ఎండిపోతే మిగిలిన రేణువు గాలిలోనే తేలుతుందని అమెరికా శాస్త్రవేత్త విలియం వెల్స్ 1934లోనే లెక్కకట్టి చెప్పాడు. అయినా 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ, కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని సోషల్ మీడియాలో ప్రకటించింది. జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. గాలి ద్వారా సోకుతుందని ఆ సంస్థ స్పష్టంగా రాసేసరికి 2021 వచ్చింది. ఈలోపు మనం కూరగాయలు కడిగాం, తలుపు గొళ్లేలు తుడిచాం, భయపడి కిటికీలు మూసుకున్నాం. తెరవమని ఆ రోజుల్లోనే గట్టిగా చెప్పి ఉండాల్సింది.

లేఖ రాసినవాళ్ల ముందు ఉదాహరణలు ఉన్నాయి. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక హాల్లో 61 మంది రెండున్నర గంటలు పాటలు సాధన చేశారు. వాళ్లలో ఒకరికి లక్షణాలున్నాయి. ఆ ఒకరితో కలిపి 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. గొంతు పెరిగినకొద్దీ తుంపరలు పెరుగుతాయి. మన ఆడవాళ్లు బతుకమ్మ రోజు అంతకంటే ఎక్కువమంది చేరి, అంతసేపూ గొంతెత్తి పాడతారు. కానీ ఆరుబయట వదిలిన ఊపిరి అక్కడే నిలవదు, వెంటనే పలచబడి కొట్టుకుపోతుంది. వాన పడుతోందని తలుపులన్నీ వేసుకుని చేసే భజన మాత్రం ఆ అమెరికా హాలుకు దగ్గరగా ఉంటుంది.

ఇక ఏసీ. గోడ బయట పెట్టిన పెట్టె బయటి గాలిని లోపలికి తెస్తుందని చాలామంది అనుకుంటారు. మనం ఇళ్లలో పెట్టించుకునే స్ప్లిట్ ఏసీలో అది వేడిని మాత్రమే బయటికి పంపుతుంది. లోపలి పెట్టె గదిలో గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. 2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక హోటల్లో పక్కపక్క టేబుళ్ల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో, జబ్బు తెచ్చిన మనిషితో కలిపి, 10 మందికి కోవిడ్ వచ్చింది. అక్కడ ఏసీ ఆ మూడు టేబుళ్ల మీదుగా అదే గాలిని తిప్పుతోంది. గాలిని బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి.

సీలింగ్ ఫ్యానూ అంతే. ట్యూషన్ చెప్పేవాళ్లను అడిగితే “ఫ్యాన్ ఫుల్లు మీద ఉంది కదా సార్” అంటారు. ఫ్యాన్ గాలిని కలుపుతుంది గానీ మార్చదు.

పొడవు, వెడల్పు పన్నెండేసి అడుగులు, ఎత్తు పది అడుగులు ఉన్న గదిలో దాదాపు 40 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అందులో ఐదుగురు కూర్చుంటే ఒక్కొక్కరు గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. గాలి అసలు మారకపోతే గంటలో అది 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) నుంచి 2,600 దాటుతుంది. మనం వదిలే ఊపిరిలో అది దాదాపు 40,000. అంటే అక్కడ పీల్చే 20 ఊపిరుల్లో ఒకటి ఎవరో ఒకరు అప్పటికే వదిలినది. తలుపు సందుల వల్ల అసలు అంకె కాస్త తగ్గుతుంది, అంతే.

అదే గదికి కిటికీలో కూలర్ పెట్టి, గంటకు 1,000 ఘనపు మీటర్ల బయటి గాలి తోసిందనుకుందాం. గదిలో గాలి గంటకు 25 సార్లు మారుతుంది. గాలి ద్వారా సోకే జబ్బుల రోగులను ఉంచే ఆసుపత్రి గదులకు అడిగేది 12 సార్లే! పెరూలోని లిమా నగర ఆసుపత్రుల్లో కొలిచి 2007లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇలాంటిదే కనిపించింది. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాత వార్డుల్లో, కిటికీలు తెరిస్తే, గాలి గంటకు 40 సార్లు మారింది. కొత్త కట్టడాల్లో 17 సార్లే. మన పాత పెంకుటిళ్లు కూల్చి తక్కువ ఎత్తు స్లాబు వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అయితే కూలర్ బయట ఉండాలి, గాలి పోవడానికి ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి. కూలర్‌ను గదిలోనే నిలబెడితే అది తడి చేసే ఫ్యాన్ మాత్రమే. అనుమానంగా ఉంటే ఎదురు కిటికీ దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ బయటికి లాగినట్టు పోతే సరిగ్గానే ఉంది. (ట్యాంకులో నీళ్లు వారానికోసారి పూర్తిగా మార్చండి, డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది.)

ఫ్లూ మన దగ్గర ఎక్కువగా వచ్చేది వానాకాలంలో, మళ్లీ జనవరి నుంచి మార్చి దాకా. సరిగ్గా అప్పుడే కూలర్ ఆగిపోతుంది, దాని కిటికీకి అట్టముక్క అడ్డం పడుతుంది. పంపు ఆపేసి, ఫ్యాన్ ఒక్కటే తక్కువ స్పీడులో నడిపినా బయటి గాలి వస్తుంది. చలికి అది కూడా కుదరకపోతే అట్టముక్క పైభాగం జానెడు కోసి, ఎదురు కిటికీ రెక్క కొంచెం తెరిచి ఉంచండి.

ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉంటే వాళ్ల మంచం గాలి బయటికి పోయే కిటికీ పక్కన వేయాలి. చూసుకునేవాళ్లు మాస్కు పెట్టుకుని, దొరికితే ఎన్95, కూలర్ వైపు కూర్చోవాలి. తిరగేసి వేస్తే రోగి ఊపిరి నేరుగా వాళ్ల ముఖం మీదికే వస్తుంది. గాలి పోయే కిటికీ వరండాలోకో, పిల్లలు పడుకునే గదిలోకో కాకుండా నేరుగా ఆరుబయటికి తెరుచుకునేదై ఉండాలి.