దుమజలీ, డబుల్ డెక్కర్, రెండు గిన్నెల క్యారియర్: కొన్ని అపోహలు – వాస్తవాలు

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న మా సిరోంచలో ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితాల్లో మరాఠీ. ఆ కాగితాలను తెలుగులో రాసిపెట్టడం నా పని. చిన్న మాటే కదా అని తేలిగ్గా తీసుకుంటే గొడవ తెచ్చేది ‘దుమజలీ’ అనే మరాఠీ మాట.

అపోహ: దుమజలీ అంటే రెండో అంతస్తు.

వాస్తవం: కాదు, రెండంతస్తులున్నది. కింద ఒకటి, పైన ఒకటి. మేస్త్రీలు జీ ప్లస్ వన్ అంటారు. మరాఠీలో నేల మీదిది ‘తళమజలా’, దాని పైది ‘పహిలా మజలా’. అంటే దుమజలీ ఇంట్లో మెట్లెక్కితే చేరేది మొదటి మజలాకే. పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒక ఇంటి పన్ను రసీదులో ‘దుమజలీ ఘర్’ను ‘రెండో అంతస్తు ఇల్లు’ అని రాశాను. పంపకాల్లో ఉన్న అన్నదమ్ములు అది చదివి, ‘మరి కింది భాగం ఎవరి పేరున ఉంది?’ అని మాటా మాటా అనుకున్నారు. మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి ‘రెండంతస్తుల ఇల్లు’ అని దిద్ది, ఇద్దరికీ చదివి వినిపించాను. అప్పటినుంచి ‘కింద, పైన కలిపి’ అని కూడా రాస్తున్నాను.

అపోహ: మజలా మనకు సంబంధం లేని మాట.

వాస్తవం: మన ‘మజిలీ’కి అది తోబుట్టువు. రెండూ అరబ్బీ ‘మంజిల్’ నుంచి వచ్చాయి. ప్రయాణంలో దిగి ఆగే చోటు అని దాని అర్థం. మనకు అది దారిలో మిగిలింది, మరాఠీలో మేడెక్కింది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అపోహ: డబుల్ అని ఉంటే ఒకదాని మీద ఒకటి ఉన్నట్టే.

వాస్తవం: డబుల్ కాట్ మంచం మీద ఇద్దరూ పక్కపక్కనే పడుకుంటారు. వంతెన దాటి తెలంగాణకు వెళ్తే డబుల్ బెడ్‌రూం ఇల్లంటే రెండు పడక గదులు, అంతే. పైనా కిందా అని చెప్పేది ‘డెక్కర్’. డెక్ అంటే ఓడలో మనుషులు నడిచే తలం. రెండు తలాల ఓడలకున్న పేరే తర్వాత బస్సులకూ వచ్చింది. ముంబైలో ఆ బస్సులు 1937లో మొదలయ్యాయి. పాత డీజిల్‌వి 2023 సెప్టెంబరులో ఆగిపోయాయి.

అపోహ: డబుల్ డెక్కర్ అంటే బస్సే.

వాస్తవం: నాగపూర్ వెళ్లినప్పుడు వార్ధా రోడ్డులో తల పైకెత్తి చూడండి. ఫ్లైఓవర్, దానిపైన మెట్రో. 3.14 కిలోమీటర్ల ఆ డబుల్ డెక్కర్ కట్టడానికి 2022లో గిన్నిస్ రికార్డు వచ్చింది. కింద నేల మీద రోడ్డు ఉన్నా అది లెక్కలోకి రాదు. ఇంటికైతే నేల నుంచే లెక్క, ఇక్కడ గాలిలో ఉన్నవాటికే లెక్క. అనువాదంలో నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే: లెక్క ఎక్కడ మొదలైంది?

అపోహ: రెండు వరుసలున్న దేన్నైనా రెండంతస్తులది అనొచ్చు.

వాస్తవం: తెలుగు వస్తువును బట్టి మాట మారుస్తుంది. రెండరల అలమరా. రెండు పేటల గొలుసు. రెండు గిన్నెల క్యారియర్. మా అమ్మ నాన్నకు క్యారియర్ కడుతూ, ‘కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో పప్పు, చూసి తీయండి’ అని రోజూ చెప్పేది.